సగం తోక

మా ఆయన తీసిన ఫోటోల్లో ముఖాలు ఉండవు. ఈ మాట అంటే కొత్తవాళ్ళు నేనేదో మురిపెంగా వెక్కిరిస్తున్నాననుకుని నవ్వుతారు. మా ఇంట్లో ఆల్బం తిరగేసినవాళ్ళు మాత్రం నవ్వరు. మా అమ్మాయి పెళ్ళి ఫోటోల్లో తెల్ల చీర కొంగు ఉంది, వీపు మీదికి జారిన ముసుగు ఉంది, ముసుగుకి పెట్టిన పిన్నులున్నాయి. పెళ్ళికూతురు లేదు. చర్చిలో క్రిస్మస్ నాటకం వేస్తే దేవదూత రెక్కలు, వాటిని బిగించిన పురికొస ముడితో సహా, ఎంతో స్పష్టంగా వచ్చాయి. ఆ రెక్కలు కట్టుకున్న పిల్ల ఎవరో ఈ రోజుకీ మాకు తెలియదు.

నిజం చెప్పాలంటే ఆ తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ప్లాంటులో ఆయన చేసింది ఇన్స్పెక్షన్ పని. మిల్లులోంచి వచ్చిన ఉక్కు ప్లేటు మీద పగులో, గీతో కనిపిస్తే ఫోటో తీసి పైవాళ్ళకు పంపాలి. ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, రెండు పక్కల నుంచీ, తర్వాత లోపం ఉన్నచోటికి దగ్గరగా వెళ్ళి ఇంకొన్ని. పక్కన స్టీలు స్కేలు పెట్టి తీస్తే ఆ పగులు ఎంత పొడుగో తెలుస్తుంది. ఉద్యోగమంతా అలా తీసీ తీసీ, దేన్ని చూసినా ముందు దాని వెనక్కి వెళ్ళడం అలవాటైపోయింది. రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో ఆ స్కేలు ఉంటుంది. ఈ ఉక్కు ఊళ్ళో, మా పేట బర్మామైన్స్ సందుల్లో, వంకాయని తొడిమ దగ్గర్నుంచి తిరగేసి చూసే మగమనిషి ఆయనొక్కరే అనుకుంటాను.

నేను టీచర్ని. మా బడిలో తెలుగు చదివే పిల్లలు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు గానీ గోడ మీద అక్షరాల పటం మాత్రం చెక్కుచెదరలేదు. అందులో ఖ దగ్గర ఖడ్గమృగం. నేను కర్రతో చూపించి పేరు చెప్తాను, పిల్లలు "గేండా, గేండా" అని హిందీలో గోల చేస్తారు. ఒకసారి ముందు వరసలో పిల్ల ఒకతె లేచి, "మిస్, ఆప్‌నే సచ్ మే దేఖా హై?" అని అడిగింది, నిజంగా చూశారా అని. లేదన్నాను. ఆ పిల్ల నా వైపు జాలిగా చూసి కూర్చుంది. ఆ జాలి నాకు తిండి సహించనివ్వలేదు. ఏళ్ళ తరబడి కళ్ళతో చూడని జంతువుని చూసినట్టే పాఠం చెప్పుకొస్తున్నానా అనిపించింది.

గోవింద్‌పూర్‌లో ఉంటున్న మా అమ్మాయి, వాళ్ళ నాన్న రిటైరైనప్పుడు పొడుగు లెన్సున్న కెమెరా కొనిచ్చింది. దాన్ని ఆయన ముందుగా గ్యాస్ సిలిండర్ అడుగుభాగం మీద పరీక్షించారు. అప్పుడే చెప్పేశాను, మొదటి ప్రయాణం ఖడ్గమృగం దగ్గరికేనని. నాకు కావలసింది ఒక్క ఫోటో. కొమ్ము, కళ్ళు, చెవులు, నిండుగా ముఖం. పెద్దది చేయించి పటం పక్కన అంటించి ఆ పిల్లని పిలిచి చూపించాలి.

కొత్త సంవత్సరం ఆరాధన అయింది. ఆ ఏడు చలి ముదిరి బడులు ఇంకొన్నాళ్ళు తెరవొద్దన్నారు. మేం రైలెక్కి, మధ్యలో ఇంకో రైలు మారి, ఉత్తర బెంగాల్లో భూటాన్ కొండల కిందున్న అడవికి చేరాం. అడవి అంటే నేను చెట్లనుకున్నాను. చాలావరకు గడ్డి. మనిషి నిలబడితే మునిగిపోయేంత గడ్డి, మధ్యలో ఏరు, అక్కడక్కడా బురద మడుగులు. మా ఆయన సేఫ్టీ షూ వేసుకుని, చలికని ప్లాంటు వాళ్ళిచ్చిన ఆరెంజి జాకెట్టు తొడుక్కుని జీపెక్కారు. గైడు ఆయన్ని కిందికీ మీదికీ చూసి, ఆ రంగు చూస్తే అడవిలో ఉన్నవన్నీ పారిపోతాయి సార్, విప్పెయ్యండి అన్నాడు. ఆయన విప్పి, నా శాలువ కప్పుకుని కూర్చున్నారు. నేను వణుక్కుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నం ఎండ వాలుతుండగా ఒక మడుగు దగ్గర గైడు చెయ్యెత్తాడు, జీపు ఆగింది. నాకు ముందు బండరాయి కనిపించింది. ఆ బండ చెవి కదిలించింది. దాని కాళ్ళ మధ్య ఇంకో చిన్న బండ, పాలు తాగుతూ. ఒళ్ళంతా మడతలు మడతలుగా, మడత మడత మీదా బుడిపెలతో, ఇంత పెద్ద ప్రాణి ఇంత నింపాదిగా బతుకుతోందా అనిపించింది. పటంలో బొమ్మ గీసినవాడు కూడా నాలాగే దీన్నెప్పుడూ చూసి ఉండడు.

పక్కన మా ఆయన కెమెరా ఆగకుండా టకటకమంటోంది. తల్లి మాకు పూర్తిగా వెనక్కి తిరిగి ఉంది.

"ఏటండీ, ఎనక ఏటుందని తీత్తన్నారు? తిరిగినాక తియ్యండి," అన్నాను గుసగుసగా.

"తిరిగితే అదీ తీత్తాను. ముందు ఇది అవనీ." కెమెరా దించకుండానే అన్నారు. "జాయింట్లు సూడు, ఒకదాని మీద ఒకటి ఎంత బాగా ఎక్కించేడో. ఎక్కడా గ్యాపు నేదు."

"ఎవరు?"

"దేవుడే. ఇంకెవరు?"

మా జీపులోనే కలకత్తా దంపతులు ఇద్దరున్నారు. వాళ్ళు ఓపిగ్గా కెమెరా గురిపెట్టి తల తిరిగేదాకా ఆగారు. తిరిగింది కూడా, ఒక్క క్షణం. వాళ్ళకు దొరికింది. అదే క్షణంలో మా ఆయన లెన్సు తుడుచుకుంటున్నారు.

నేను ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచేలోగా గడ్డి చీలి ఇంకో ఖడ్గమృగం బయటికొచ్చింది. మగది. తల్లి కంటే బాగా పెద్దది. గైడు "గొడవయ్యేలా ఉంది" అని మాత్రం అన్నాడు. మగది తల దించి తల్లి మీదికి ఉరికింది. బురద ఎగిరింది, ఏదో లారీ గేరు మార్చినట్టు చప్పుడైంది, తల్లీ మగదీ రెండూ ఏటివైపు గడ్డిలోకి దూసుకుపోయాయి. పిల్ల బెదిరి ఇటువైపు పరిగెత్తి మా దారి పక్కకొచ్చి నిలబడింది. కీచుగా, సన్నగా అరవడం మొదలుపెట్టింది. అంత బరువైన ఒంట్లోంచి అంత సన్నటి గొంతు వస్తుందని ఎవరనుకుంటారు? అరవడం, ఆగడం, చెవులు రిక్కించి వినడం, మళ్ళీ అరవడం. గడ్డిలోంచి జవాబు లేదు.

నాకు కోపం వచ్చింది. ఆ మగదాని మీద వచ్చింది, జవాబివ్వని తల్లి మీద వచ్చింది, చీకటి పడకముందే అడవిలోంచి బయటపడాలన్న రూలు మీద వచ్చింది. డ్రైవరు బండి తిప్పాడు. వెనక ఆ అరుపు చాలా దూరం వినిపించింది.

ఆ సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో కెమెరా బొమ్మలు చూశాం. నేను చూస్తూ పోతున్నాను, నా ముఖం ఎర్రబడుతూ పోతోంది.

"ఇన్నేసి తీసేరు, ఒక్కదాన్లోనైనా మొకం ఉందేటి?"

"ఉంది, ఇదిగో." గడ్డిపరక వెనక కొమ్ము చివర చూపించారు.

"మా పిల్లలకి ఏటి సూపించమంటారు? దీని తోకా?"

"తోకకి ఏటి తక్కువ?" అని బొమ్మని పెద్దది చేసి నా ముందు పెట్టారు. "నిజంగానే తక్కువ, సూడు. సగమే ఉంది. ఎప్పుడో తెగిపోనాది. డిఫెక్టు కదా, అందుకే దీనికి నాలుగు తీసేను."

అమ్మాయికి ఒకటి పంపితే వెంటనే ఫోన్ చేసింది. "మమ్మీ, ఇస్‌మే ముహ్ కహా హై?" అంది, ఇందులో ముఖమేది అని. మీ నాన్ననడుగు అని ఫోను ఆయన చేతిలో పడేసి వెళ్ళి పడుకున్నాను. కళ్ళు మూసుకుంటే ఆ సన్నటి గొంతే.

తెల్లారి టీ తాగుతుంటే గైడు వచ్చాడు. అతని వెనక అడవి శాఖ ఆఫీసరు ఒకాయన, కాస్త వయసు మళ్ళినవాడు. గైడు చెప్పింది విని నా చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. ఏటి ఒడ్డున ఆడ ఖడ్గమృగం ఒకటి చచ్చిపడి ఉంది. మగవాటి కోరలు కత్తుల్లాంటివట, తలంతా చీరేసి ఉంది. పిల్ల మాత్రం అదే మడుగు చుట్టూ ఒంటరిగా తిరుగుతోంది.

ఆఫీసరు హిందీలో విడమరిచి చెప్పారు. చచ్చింది దాని తల్లే అయితే ఆలస్యం చెయ్యకూడదు. పాలు లేకుండా పిల్ల ఒకటి రెండు రోజులకు మించి నిలవదు, పైగా చిరుతలున్నాయి. ఏనుగుల మీద వెళ్ళి చుట్టుముట్టి, తాళ్ళు వేసి, లారీ ఎక్కించి తీసుకుపోయి సీసాపాలతో పెంచాలి. కానీ తల్లి బతికే ఉంటే అంత పొరపాటు ఇంకొకటి ఉండదు. గాయపడ్డ తల్లి గడ్డిలో దాక్కుని, తేరుకుని పిల్ల కోసం వస్తుంది. వచ్చేసరికి పిల్ల ఉండదు. మనుషుల చేతికి వచ్చిన పిల్లని మళ్ళీ తల్లితో కలపడం దాదాపు జరగని పని.

"మీవాళ్ళు చూసి పోల్చలేరా?" అన్నాను.

పాతవాటినైతే దూరం నుంచే పోలుస్తారట. ఈ తల్లి వానల తర్వాత ఏరు దాటి కొత్తగా వచ్చింది. నిన్న దగ్గరగా చూసింది మా జీపే. కలకత్తా దంపతులు తెల్లవారుజామునే వెళ్ళిపోయారు గానీ, అడగ్గానే ఫోటోలు పంపించారు. అన్నీ ముఖాలే, చక్కటి ముఖాలు. ఆఫీసరు ఫోనులో వాటిని చూపించి నిట్టూర్చారు. "చచ్చిపోయినదానికి ముఖమే మిగల్లేదమ్మా, దేనితో పోల్చను?"

నాకు చెప్పడానికి సిగ్గేసింది. మా దగ్గర ఫోటోలున్నాయి గానీ అవి మీకు పనికిరావండీ అని నసిగాను. ఈలోగా మా ఆయన లోపలికెళ్ళి కెమెరా తెచ్చేశారు. ప్లాంటులో పైవాళ్ళకు చూపించినట్టే వరసగా చూపించారు. వెనక నుంచి, కుడి పక్క, ఎడమ పక్క, తొడ మీది మడత, ఆ తర్వాత తోక, తోక, తోక, తోక.

ఆఫీసరు కెమెరా లాక్కున్నంత పని చేశారు. వైర్‌లెస్ సెట్టు నోటి దగ్గర పెట్టుకుని బెంగాలీలో ఏదో అన్నారు. నాకు అర్థమైంది ఒక్క మాటే. తోక చూడమంటున్నారు. ఏటి ఒడ్డున ఉన్న గార్డులు దాన్ని కదిలించి చూడాలి కాబట్టి కొంచెం సమయం పట్టింది. మేమంతా ఆ నల్లడబ్బా వైపు చూస్తూ నిలబడ్డాం. గైడు టీ చల్లారిపోయింది. మా ఆయన మాత్రం జేబులో స్కేలు తీసి, మళ్ళీ లోపల పెట్టి, మళ్ళీ తీశారు.

డబ్బా గరగరమంది. తోక పూర్తిగా ఉందట. చివర వెంట్రుకల కుచ్చుతో సహా.

నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. చచ్చిపోయింది ఇంకెవరో, పాపం అదీ ఒక ప్రాణమే, ఆ క్షణంలో నాకు దాని మీద జాలి కూడా కలగలేదు. తల్లి బతికే ఉందన్నదొక్కటే బుర్రలో నిలిచింది.

ఆఫీసరు నా సంతోషం మీద కొంచెం నీళ్ళు చల్లారు. బతికే ఉందని తేలలేదమ్మా, ఇది కాదని మాత్రమే తేలింది అన్నారు. అది కూడా ఎక్కడో గాయాలతో పడి ఉండొచ్చు. లారీని ఈ పూటకి ఆపుతాను, మడుగు దగ్గర మచాను, అదే మంచె, మీద మనుషుల్ని కాపలా పెడతాను. రేపు పొద్దునకి కూడా పిల్ల ఒంటరిగానే ఉంటే పట్టుకోక తప్పదు.

ఆ రోజంతా ఎలా గడిచిందో చెప్పలేను. మా ఆయన గెస్ట్‌హౌస్ వెనక పొలంలో పాత అడుగుజాడ ఒకటి కనిపిస్తే దాని పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకున్నారు. నేను వరండాలో అటూ ఇటూ తిరిగాను. గైడు కనిపించినప్పుడల్లా "ఏమైనా తెలిసిందా?" అని ప్రాణం తీశాను.

ఇక్కడ మా చర్చి సంగతి ఒకటి చెప్పాలి. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం అని ఒకటుంటుంది. ప్రార్థన ఫలించినవాళ్ళు లేచి, దేవుడు నాకీ మేలు చేశాడని సంఘం ముందు చెప్పాలి. మొక్కుకున్నవాళ్ళైతే తప్పించుకోవడానికి లేదు. జబ్బు నయమైందని చెప్తారు, కాంట్రాక్టు పని దొరికిందని చెప్తారు. పోయిన బీరువా తాళం దొరికిందని చెప్పినవాళ్ళూ ఉన్నారు. నేను ఒక్కసారి కూడా లేవలేదు. పైపెచ్చు ఇంటికొచ్చి ఆ తాళం సాక్ష్యాన్ని అభినయించి మరీ మా ఆయన్ని నవ్వించేదాన్ని. బడిలో గొంతు చించుకుంటాను గానీ, సంఘంలో లేచి సొంత విషయం చెప్పడమంటే నాకు ప్రాణసంకటం.

ఆ సాయంత్రం మంచం పక్కన మోకరించి మొక్కేసుకున్నాను. ప్రభువా, ఆ పిల్లకి తల్లిని చూపించు, సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్తాను. లేచి చూస్తే గుమ్మంలో మా ఆయన.

"ఏటి మొక్కేవు?"

"మీకెందుకు?"

"సాచ్చికం సెప్తానన్నావా?" నాతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, కనిపెట్టేశారు. "గేండా గురించా?" ఆయన నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. వచ్చి నా పక్కన మోకరించారు.

మర్నాడు పొద్దున మంచు విపరీతంగా ఉంది. ఆఫీసరు మమ్మల్ని కూడా మచాను మీదికి రానిచ్చారు. మీ తోకని మీరే గుర్తుపట్టాలి అన్నారు మా ఆయనతో. కింద దారి మీద లారీ ఆగి ఉంది. దాని వెనక ఏనుగులు, మావటులు, చుట్టలుగా తాళ్ళు. నేను ఆ తాళ్ళకు వీపు పెట్టి నిలబడ్డాను.

మంచు కొంచెం పలచబడ్డాక మడుగు కనిపించింది. మడుగు పక్కన పిల్ల. పడుకుని ఉంది. అరవడం లేదు. అరిచే ఓపిక కూడా లేదనుకున్నాను. ఆఫీసరు గడియారం చూసుకున్నారు, ఏనుగుల వైపు చూశారు. నేను ఆయన చేతి వైపు చూస్తున్నాను, అది లేస్తే అయిపోయినట్టే.

పిల్ల లేచింది. ముందు చెవులు లేచాయి, తర్వాత ఒళ్ళు. మాకేమీ వినిపించలేదు, దానికి వినిపించింది. ఏటివైపు తిరిగి ఆ సన్నటి గొంతుతో ఒక్కసారి అరిచింది. ఈసారి గడ్డిలోంచి జవాబు వచ్చింది, బుసబుసమని, గొంతులోనే అణిచిపెట్టిన పిలుపు. గడ్డి కదిలింది. భుజం మీద ఎండిన నెత్తురుతో, కుంటుతూ, తల్లి వచ్చింది. పిల్ల పరిగెత్తిన పరుగుకి బురదలో ఒకసారి బోర్లా పడింది కూడా. లేచి వెళ్ళి తల్లి పొట్ట కింద దూరిపోయింది.

అదేనో కాదో చెప్పాల్సింది మా ఆయన. కెమెరా కంటికి ఆనించుకుని బిగుసుకుపోయి ఉన్నారు. తల్లి మాకు ఎదురుగా ఉంది. కొమ్ము, కళ్ళు, చెవులు, నిండుగా ముఖం. నేను కోరుకున్న ఫోటో సరిగ్గా అదే. ఆయన తియ్యలేదు. నేనూ తియ్యమనలేదు.

"తిరుగమ్మా," అంటున్నారాయన నెమ్మదిగా. "ఒక్కసారి తిరుగు."

పిల్ల కడుపు నిండాక తల్లి గడ్డివైపు తిరిగింది, పక్కనే పిల్ల. మంచులో దాని వెనక భాగం, దాని మీద సగం తోక. కెమెరా ఒక్కసారి టక్కుమంది.

"అదే," అన్నారు. "అదే తల్లి."

ఆఫీసరు చెయ్యి పైకి లేవలేదు, జేబులోకి పోయింది. కింద మావటులు తాళ్ళు లారీలో పడేస్తున్న చప్పుడు వినిపించింది. అంత హాయైన చప్పుడు ఈ మధ్య నేను విన్లేదు. మచాను కర్ర పట్టుకుని ఏడ్చాను, దాచుకోలేదు. మా ఆయన నా శాలువ నాకే ఇచ్చి తుడుచుకోమన్నారు. తిరుగు రైళ్ళలో ఇద్దరం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాం.

ఆదివారం వచ్చింది. సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా అని పాస్టరుగారు అడిగారు. నేను లేచాను. మా ఆడవాళ్ళ వైపు వరసలన్నీ నా వైపు తిరిగాయి, నాకేదో పెద్ద జబ్బు వచ్చి పోయిందనుకుని ఉంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కుర్రకారు బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. బీరువా తాళం ఆవిడ మాత్రం నవ్వలేదు. మగవాళ్ళ వైపు వెనక బెంచీలోంచి మా ఆయన ఫోటో తీశారు. అందులో నా ముడి ఉంది, జాకెట్టు వెనక హుక్కులున్నాయి.

నేను కూర్చోబోతుంటే ముందు వరసలో మామ్మగారు చెయ్యి చాపారు. మా అందరిలోకీ పెద్దావిడ. శ్రీకాకుళం నుంచి పెళ్ళికూతురిగా వచ్చి, ఈ ఊళ్ళోనే ముసలిదైపోయిన మనిషి. తల్లీపిల్లల ఫోటో చూపించమన్నారు. నా ఫోను చేతులు మారుతూ వరస వెంట ఆవిడ దాకా వెళ్ళింది. ఆవిడ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు.

"మొకాలు అగుపడవేటమ్మా?"

"ఇంటికెల్తన్నాయి కదా మామ్మా. మన యేపు ఎందుకు సూత్తాయి?"

ఆవిడ ఇంకాసేపు చూశారు.

"పిల్ల తల్లిని ఆనుకునే ఉంది," అన్నారు. "స్తోత్రం."

అప్పుడు వరస మొత్తం స్తోత్రం అంది.